నస్రీన్ మొహమ్మదీ గీతలు: మెట్ బ్రాయర్‌లో చూసొచ్చాను, మీరేమంటారు?

కిటికీసీటు | 2016 ఏప్రిల్ 10, ఆదివారం

నిన్న న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్‌కి వెళ్లాను. మాడిసన్ అవెన్యూ మీద ఇదివరకు విట్నీ మ్యూజియం ఉన్న భవనమే. మార్సెల్ బ్రాయర్ డిజైన్ చేసిన, 1966 నాటి బూడిదరంగు గ్రానైట్ దిమ్మె. మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) వాళ్లు దాన్ని తీసుకుని పోయిన నెల 18న తెరిచారు. రెండు పెద్ద ప్రదర్శనలు పెట్టారు. ఒకటి యూరప్ పునరుజ్జీవన కాలం నుంచి ఇప్పటిదాకా సగంలో ఆగిపోయిన బొమ్మలది. రెండోది మన దేశపు చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీది.

నిజం చెప్పాలంటే నేను వెళ్లింది మొదటి దానికోసం. ఈమె పేరు కూడా నాకు తెలీదు. లిఫ్టు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని, అది తగ్గేదాకా ఇక్కడ తిరుగుదామని లోపలికెళ్లాను. గంటన్నర తర్వాత బయటికొచ్చాను.

130కి పైగా ఉన్నాయి. కొన్ని రంగుల బొమ్మలు, కొన్ని ఫొటోలు, డైరీలు, మిగతావన్నీ కాగితం మీద గీతలే. మొదట్లో సిరా మరకల్లా, చెట్టుకొమ్మల్లా ఉంటాయి. తర్వాత గళ్లు వస్తాయి. ఆ తర్వాత గళ్లు కూడా పోయి, ఏటవాలు గీతలు గాల్లో తేలుతుంటాయి. చివరికొచ్చేసరికి ఖాళీ కాగితం మీద ఒక వంపు, రెండు గీతలు. అంతే.

ఒకదాని ముందు చాలాసేపు ఆగిపోయాను. అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి, పైన దగ్గరదగ్గరగా, కిందికొచ్చేకొద్దీ ఎడంగా. దగ్గరికెళ్తే ఉత్త గీతలు. రెండడుగులు వెనక్కి జరిగితే కాగితం లోపలికి వంగినట్టుంది. ఫోన్లో ఫొటో తీశాను. ఇంటికొచ్చి చూస్తే బూడిదరంగు కాగితం తప్ప ఏమీ లేదు. అందుకే ఇక్కడ పెట్టడం లేదు.

ఇలాంటివి చూసేవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? ఎలా చూస్తారు? నాకు ఆర్టు గురించి ఏమీ తెలీదు, ముందే చెప్తున్నా.

---

వాదనారాయణ | ఏప్రిల్ 10

పాత గ్రాఫు పుస్తకాలు మా ఇంట్లో అటక మీద ఉన్నాయి. మెట్ వాళ్లకి అడ్రసు ఇమ్మంటారా?

కోప్పడకండి. స్కేలు పెట్టి గీతలు గీస్తే కళ ఎలా అవుతుందో ఒక్కరు తెలుగులో చెప్పండి. "అనంతం", "మౌనం", "శూన్యం" ఈ మూడు మాటలు వాడకుండా చెప్పాలి.

---

ఢిల్లీ_దూరం | ఏప్రిల్ 10

కిటికీసీటు గారూ, మీరు అదృష్టవంతులు. నేను 2013లో ఇక్కడ ఢిల్లీలో కిరణ్ నాడార్ మ్యూజియంలో చూశాను. సాకేత్‌లో ఒక మాల్‌లోనే ఆ మ్యూజియం. బయట బట్టల కొట్ల వెలుతురు, పాటల హోరు. తలుపు తోసుకుని లోపలికొస్తే ఈ గీతలు. ఆ తేడాకే సగం పని అయిపోయింది. ఆ ప్రదర్శనని రూపొందించిన రూబీనా కరోడే నస్రీన్ దగ్గర చదువుకున్న మనిషే. మీరు చూసిన దాని వెనకా ఆవిడ ఉన్నారు. న్యూయార్క్‌కి ముందు అది మాడ్రిడ్‌లో రైనా సోఫియా మ్యూజియంలో జరిగింది.

తెలియని వాళ్లకోసం నాలుగు ముక్కలు. 1937లో కరాచీలో పుట్టింది. చిన్నప్పుడే బొంబాయి వచ్చేశారు. లండన్‌లో సెంట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో చదివింది, తర్వాత కొన్నాళ్లు పారిస్. తండ్రికి బహ్రెయిన్‌లో ఫొటో సామాన్ల వ్యాపారం. ఎడారీ, సముద్రం, కెమెరా మూడూ అక్కడి నుంచే ఆమె కంట్లో పడ్డాయని నా ఊహ. బొంబాయిలో భులాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్నప్పుడు చిత్రకారుడు గైతోండే పరిచయం. 1972 నుంచి బరోడాలో ఎం.ఎస్. యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. 1990లో, 53 ఏళ్లకే పోయింది.

బరోడా సంగతి గుర్తుంచుకోండి. అప్పట్లో అక్కడ గాలి అంతా కథలు చెప్పే బొమ్మలదే. భూపేన్ ఖక్కర్, గులామ్ మొహమ్మద్ షేక్ లాంటివాళ్లు మనుషుల్నీ వీధుల్నీ ఇళ్లనీ గీస్తున్నారు. ఆ మధ్యలో కూర్చుని ఈమె ఒక్కతే గీతలు గీసుకుంది. వాళ్లతో పోట్లాడలేదు, వాళ్లలో కలవనూ లేదు.

---

వాదనారాయణ | ఏప్రిల్ 10

జీవిత చరిత్ర బాగుంది. నా ప్రశ్న అలాగే ఉంది.

---

డ్రాఫ్ట్స్‌మన్_తాత | ఏప్రిల్ 11

వాదనారాయణ గారికి నమస్కారం. నాకు కళ గురించి తెలియదు. కానీ 34 ఏళ్లు స్కేలు పెట్టి గీతలు గీయడమే నా ఉద్యోగం. కాలవలు, తూములు, వంతెనలు. కాబట్టి ఈ ఒక్క విషయంలో నాకు మాట్లాడే హక్కుంది అనుకుంటాను.

"స్కేలు పెట్టి గీస్తే" అన్నారు. స్కేలు ఉంటే గీత దానంతటది వస్తుందని చాలామంది అనుకుంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు కూడా అలాగే అనుకునేవాళ్లు. మా రోజుల్లో రూలింగ్ పెన్ను ఉండేది. రెండు రేకుల మధ్య సిరా చుక్క నింపుకోవాలి, మర తిప్పి మందం సరిచూసుకోవాలి. సిరా ఎక్కువైతే ట్రేసింగ్ కాగితం మీద కారుతుంది. తక్కువైతే గీత మధ్యలో ఆగుతుంది. స్కేలు అంచు కాగితానికి ఆనుకుని ఉంటే సిరా కిందికి పాకుతుంది, స్కేలు తీసేసరికి అక్కడ నల్ల మచ్చ. అందుకని స్కేలు కింద ఏదైనా పెట్టి అంచు కాస్త ఎత్తుగా ఉంచేవాళ్లం. మొదలుపెట్టేచోట ఒక్క క్షణం ఆగినా బొట్టు పడుతుంది. ఎత్తేచోట ఆలస్యమైనా అంతే. చెయ్యి ఒకే వేగంతో నడవాలి. గీత పూర్తయ్యేదాకా ఊపిరి తీసుకోం. ఎవరూ నేర్పరు, దానంతటదే అలవాటవుతుంది.

తప్పు పోతే బ్లేడుతో గీకాలి. గీకిన చోట కాగితం నూగు లేస్తుంది, దానిమీద మళ్లీ సిరా వేస్తే పాకుతుంది. గోరుతో రుద్ది నునుపు చేసి అప్పుడు వెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి షీటు మొత్తం పాడైతే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు.

మీరందరూ మాట్లాడుకుంటున్నారని మా మనవరాలి చేత ఈమె బొమ్మలు కంప్యూటర్లో పెట్టించుకుని పెద్దవి చేసి చూశాను. ఒకదాంట్లో నూరు పైచిలుకు గీతలు లెక్కపెట్టాను. ఒకే కాగితం మీద నాలుగు రకాల మందాలు, ఒకే గీతలో కూడా మెల్లగా పలచబడటం. గీకిన జాడ నాకు కనపడలేదు. మా ఆఫీసులో అయితే ఈవిడకి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ ఇచ్చి మేం పక్కన నిలబడేవాళ్లం.

కళ అవునో కాదో మీరు తేల్చుకోండి. సులువు మాత్రం కాదు.

---

కిటికీసీటు | ఏప్రిల్ 11

తాతగారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆమె కూడా ఆర్కిటెక్టులు వాడే పరికరాలతో, డ్రాఫ్టింగ్ బల్ల మీదే పనిచేసిందట.

---

వాదనారాయణ | ఏప్రిల్ 11

తాతగారి మీద గౌరవంతో చెప్తున్నా, కష్టపడితే కళ అయిపోతుందా? అలా అయితే మీరు గీసిన తూముల డ్రాయింగులు మ్యూజియంలో ఎందుకు లేవు? మీవి తీసుకుంటే నేనూ ఒప్పుకుంటా.

---

పడుగుపేక | ఏప్రిల్ 12

వాదనారాయణ, ఇది మంచి ప్రశ్నే. తూము డ్రాయింగు తూము కట్టడానికి. తూము కట్టేశాక దాని పని అయిపోయింది. ఈమె గీత దేనికీ ప్లాను కాదు. చివరిదాకా గీతగానే ఉండాలి. నేను ఇంతకంటే బాగా చెప్పలేను, ఇంకో దారిలో వస్తా.

మాది నేత ఇల్లు. నేను నెయ్యను గానీ పుట్టిందీ పెరిగిందీ మగ్గం గుంట పక్కనే. ఆమె తీసిన ఫొటోల్లో ఒకటుంది, మగ్గం మీద పడుగు దారాలు. అచ్చం దారాలే, మనిషి లేడు, మగ్గం కూడా పూర్తిగా కనపడదు. వందల పోగులు బిగుసుకుని ఒకవైపుకి పరుగెత్తుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాన్న పడుగు సరిచేసేటప్పుడు చేసే పని గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని అరచెయ్యి వెనకవైపు పోగుల మీద ఆనించి లాగేవాడు. ఏ పోగు వదులుగా ఉందో చేతికి తెలుస్తుంది, కంటికి తెలీదు.

ఆ తర్వాత ఆమె గీతలు చూస్తే నాకు గ్రాఫు కాగితం గుర్తుకు రాదు. గ్రాఫు కాగితంలో అన్ని గీతలూ ఒకే బిగువు. ఇక్కడ ప్రతి గీతకీ వేరే బిగువు. ఒకటి లాగి కట్టినట్టు, పక్కది వదిలేసినట్టు. నాకు పేక (అడ్డపోగు) పడని పడుగులా ఉంటాయి.

ఇదంతా నా ఇంటి గొడవ కావచ్చు. ఆమె నేత గురించే గీసిందని నేననడం లేదు. ఫతేపూర్ సిక్రీ రాతి ముంగిళ్లు, రోడ్డు మీద గీతలు, సముద్రపు ఒడ్డు కూడా ఫొటోలు తీసింది. బతికుండగా ఆ ఫొటోల్ని ఒక్కసారి కూడా ప్రదర్శనకి పెట్టలేదు.

---

కొయ్యబొమ్మ | ఏప్రిల్ 12

పెట్టనివాటిని మనం గోడకి వేలాడదీసి చూడటం సబబేనా? డైరీలు కూడా పెట్టారంటున్నారు. ఒకరి డైరీని అద్దాల పెట్టెలో పెట్టి, టికెట్ తీసి, జనాన్ని చదవమనడం నాకు బాధగా ఉంటుంది. ఆమె ఒప్పుకునేదా?

---

కిటికీసీటు | ఏప్రిల్ 12

కొయ్యబొమ్మ గారూ, నాక్కూడా మొదట ఇబ్బందిగానే అనిపించింది. కానీ ఆ డైరీలు చదవడానికి సగం వీలే కాదు. రాసిన మాటల మీద తనే అడ్డంగా పట్టీలు కొట్టేసింది, గళ్లు నింపేసింది. పేజీ అక్షరాల్లోంచి బొమ్మలోకి మారిపోతుంటుంది. చదివించడం ఇష్టం లేక కొట్టేసిందో, పేజీని అందంగా చేసుకుందో. మాడ్రిడ్‌లో ఈ ప్రదర్శనకి పెట్టిన పేరు మాత్రం ఆ డైరీలోంచి తీసుకున్న మాటే, ఎదురుచూడటం కూడా తీవ్రంగా బతకడంలో భాగమే అని.

టికెట్ సంగతి: 25 డాలర్లు అని బోర్డు ఉంది గానీ అది వాళ్లు అడిగింది మాత్రమే, ఎంతిచ్చినా లోపలికి పంపారు. నేనెంత ఇచ్చానో చెప్పను.

---

కాగితంపువ్వు | ఏప్రిల్ 13

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను కాగితం వస్తువుల సంరక్షణ పనిలో ఉన్నాను (ఎక్కడో చెప్పను, ఈమె బొమ్మలు మా దగ్గర లేవు). కిటికీసీటు, ఆ గదుల్లో వెలుతురు తక్కువగా ఉందా?

---

కిటికీసీటు | ఏప్రిల్ 13

అవును! కళ్లు అలవాటు పడటానికి కాస్త టైమ్ పట్టింది. కరెంటు పొదుపు చేస్తున్నారేమో అనుకున్నా.

---

కాగితంపువ్వు | ఏప్రిల్ 13

పొదుపే, కానీ కరెంటు కాదు, కాగితాన్ని. కాగితం మీద చేసిన పనికి సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వం. మామూలు ఆఫీసు గదిలో దానికి ఆరు నుంచి పది రెట్లు వెలుతురు ఉంటుంది. పైగా వెలుతురు చేసే హాని బ్యాంకు అప్పులాంటిది, కూడుతూ పోతుంది. ఇవాళ చీకట్లో పెట్టినంత మాత్రాన నిన్నటిది మాఫీ కాదు. అందుకే కొన్ని నెలలు గోడ మీద ఉన్న కాగితాన్ని తర్వాత చాలాకాలం పెట్టెలో పడుకోబెడతాం. కాన్వాసు బొమ్మల్లా ఏళ్ల తరబడి వేలాడదీయం. డ్రాయింగుల ప్రదర్శన వచ్చిందంటే పరుగెత్తాలి అనేది అందుకే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. పెన్సిల్ గీత వెలుతురుకి వెలవదు. అది గ్రాఫైటు, కార్బన్. మంచి నల్ల సిరాలో ఉండేదీ కార్బనే. పాడయ్యేది కింద ఉన్న కాగితం. పసుపెక్కుతుంది, పెళుసెక్కుతుంది. మిగతా బొమ్మల్లో కాగితం రంగు కాస్త మారితే పెద్దగా తెలీదు. ఈమె బొమ్మలో ముప్పావు వంతు ఖాళీ కాగితమే. ఆ తెలుపు మారితే బొమ్మే మారిపోయినట్టు. గీత అలాగే ఉంటుంది, గీతల మధ్య ఉన్నది పోతుంది.

అదీ వాదనారాయణ గారూ, మీ మూడు నిషిద్ధ పదాలు వాడకుండా "ఖాళీ" గురించి చెప్పాను. మార్కులు వెయ్యండి.

---

వాదనారాయణ | ఏప్రిల్ 13

పదికి ఏడు. "ఖాళీ" అనేది శూన్యానికి మారుపేరు, మూడు తగ్గించాను.

---

ఢిల్లీ_దూరం | ఏప్రిల్ 14

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఆమెకి నరాల జబ్బు. ఒంటి కదలికలు మెల్లగా స్వాధీనం తప్పే జబ్బు. చివరి ఏళ్లలో నడవడం, వస్తువులు పట్టుకోవడమే కష్టమైంది. ఆ చేతులతోనే ఆ సన్నగీతలు. అది తెలిశాక నేను మళ్లీ మొదటి గదికి వెళ్లి చూశాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

---

పడుగుపేక | ఏప్రిల్ 14

ఢిల్లీ అక్కా, మీ మాటకి అడ్డు చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు ఆ కథ మొదట చెప్పడం నచ్చదు. చెప్పగానే ప్రతి గీతా జబ్బుకి సాక్ష్యం అయిపోతుంది. "పాపం, అంత బాధలో ఎంత బాగా గీసిందో" అని చూస్తాం. జబ్బు లేని మనిషి గీసి ఉంటే అవే గీతలు తక్కువవుతాయా? పైగా గళ్ల బొమ్మలు 70ల మొదట్లోవి. ఆ దారి జబ్బు చూపించింది కాదు, ఆమె ఎంచుకున్నదే.

---

ఢిల్లీ_దూరం | ఏప్రిల్ 14

నిజమే తమ్ముడూ. కానీ తెలిసిన సంగతిని తెలియనట్టు ఎలా చూడను? తాతగారు ఊపిరి బిగబట్టడం గురించి చెప్పారు కదా. చెయ్యి మాట విననప్పుడు ఒక గీతకి ఎంత ఊపిరి బిగబట్టాలి అని నాకు తడుతుంది. అది జాలి కాదు, లెక్క.

---

డ్రాఫ్ట్స్‌మన్_తాత | ఏప్రిల్ 15

ఇద్దరి మాటా అర్థమైంది. నాకు చివరి అయిదేళ్లు కుడిచెయ్యి సన్నగా వణికేది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. స్కేలు, మినీ డ్రాఫ్టరు (బల్లకి బిగించే స్కేళ్ల పరికరం) ఉన్నవాడికి వణుకు దాచుకోవడం తేలిక. పరికరం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. చేతిరాత మాత్రం దాచలేం, అందుకని షీటు మీద అక్షరాలు కుర్రాళ్ల చేత రాయించేవాణ్ని. ఈవిడ పరికరాల్ని ఎందుకు వదల్లేదో మీరు పుస్తకాల్లో చూడండి. నాకైతే నా కారణం తెలుసు.

---

కిటికీసీటు | ఏప్రిల్ 15

...

(ఏం రాయాలో తెలీక చుక్కలు పెట్టాను తాతగారూ.)

---

సన్నగీత | ఏప్రిల్ 16

కొత్త సభ్యురాలిని. ఆర్ట్ హిస్టరీ చదువుతున్నాను కాబట్టి వీటిని ఎలా వరుసగా పెడతారో చెప్తా. ఆమె బొమ్మల్లో ఎక్కువ వాటికి పేరు లేదు, తారీఖు లేదు. గోడ మీద చీటీల్లో "శీర్షిక లేదు, సుమారు 1975" అని కనిపిస్తే ఆ "సుమారు" చూసి నవ్వుకోకండి, దాని వెనక చాలా పని ఉంటుంది. కాగితం, సిరా, ఫొటోలు, డైరీలు పోల్చి వేసిన అంచనా అది. కాబట్టి కిటికీసీటు గారు చెప్పిన మరకలు, గళ్లు, ఏటవాలు, వంపులు అనే వరుస మనం పేర్చుకున్న కథ కూడా. దాదాపు నిజమే, కానీ ఆమె సంతకం పెట్టిన కథ కాదు.

ఈమెని ఎప్పుడూ అమెరికా చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ పక్కన నిలబెడతారు. 2007లో జర్మనీలో కాసెల్ ఊళ్లో జరిగిన డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో ఇద్దరి పనీ ఉంది. నాకు ఆ పోలిక సగమే సరిపోతుంది. మార్టిన్ గళ్లు చాలావరకు ఆరడుగుల చదరపు కాన్వాసు మీద, మన ఒళ్లంత ఉంటాయి. ఎదురుగా నిలబడితే చుట్టుకుంటాయి. గీత చేత్తో లాగిన పెన్సిల్ గీత, కాస్త తడబడుతుంది, ఆ తడబాటే అందం. నస్రీన్ కాగితం రెండు చేతుల మధ్య పట్టేంత. తడబాటు ఉండదు. మార్టిన్ గళ్లు కదలకుండా నిలబడతాయి, ఈమెవి ఎటో వెళ్లిపోతుంటాయి. అమెరికా కళాకారుడు సాల్ లెవిట్‌తో కూడా పోలుస్తారు. అది ఇంకా దూరం. ఆయన గోడ డ్రాయింగులకి సూచనలు రాసిచ్చేవాడు, గీసేది వేరేవాళ్లు. నస్రీన్ గీతని ఇంకొకరికి అప్పజెప్పడం ఊహించగలరా?

ఇంకో గొడవ కూడా ఎత్తుతాను. దీన్ని తెలుగులో "నైరూప్యం" అంటాం. రూపం లేనిది అని. ఆమె పనికి ఆ మాట నప్పుతుందా? రూపం లేకపోవడం ఏముంది, ఇంత కచ్చితమైన రూపం ఇంకెక్కడుంది? హిందీవాళ్లు "అమూర్త్" అంటారు, అదీ అంతే.

---

కొయ్యబొమ్మ | ఏప్రిల్ 16

"గీతలు" చాలదా? మా అమ్మ ఏ బొమ్మనైనా "గీత బాగుంది" అంటుంది. మనిషి బొమ్మైనా, పువ్వైనా, ఏదైనా.

---

సన్నగీత | ఏప్రిల్ 16

నా థీసిస్ గైడు కంటే మీ అమ్మగారు నయం.

---

వేదిక నిర్వాహకులు | ఏప్రిల్ 17

మధ్యలో అమ్మకాల ధరల గురించి, మతం గురించి వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాం. దయచేసి గీతల మీదే ఉండండి.

---

వాదనారాయణ | ఏప్రిల్ 17

తీసేసిన వాటిలో నాది లేదు, ముందే చెప్తున్నా.

ఇవాళ ఆదివారం కదా అని ఒక పని చేశాను. డ్రాయింగు షీటు, స్టీలు స్కేలు, 2హెచ్ పెన్సిలు తెచ్చాను. యాభై అడ్డగీతలు గీద్దామని. నూరు కాదు, యాభై. మొదటి పది బ్రహ్మాండం. పదిహేను దగ్గర పెన్సిలు ముక్కు మొద్దుబారి గీత లావైంది. చెక్కాను, గీత మరీ సన్నమైంది. అంటే ఇప్పుడు షీటు మీద ఒక మెట్టు కనపడుతోంది. ఇరవై మూడు దగ్గర స్కేలు జారింది. చెరిపాను, మసిపట్టింది. ముప్పై ఒకటి దగ్గర ఫోను మోగింది. అక్కడితో ఆపేశాను.

దీనర్థం నాకు నచ్చిందని కాదు. మ్యూజియంలో ఉండాల్సినంత గొప్పదా అనే ప్రశ్న నాకింకా ఉంది. కానీ "నేనూ గీస్తాను" అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ మాట నేను ఇక్కడ అనలేదు గానీ మనసులో అనుకున్నా.

---

పడుగుపేక | ఏప్రిల్ 17

ఆ షీటు ఫొటో పెట్టవయ్యా.

---

వాదనారాయణ | ఏప్రిల్ 17

కిటికీసీటు గారి ఫొటోలాగే నాదీ బూడిదరంగులో వచ్చింది. మసి వల్ల.

---

కిటికీసీటు | ఏప్రిల్ 18

జూన్ 5 దాకా ఉంటుంది. నేను మే నెలలో ఒక పనిదినం సెలవు పెట్టి మళ్లీ వెళ్తున్నా, జనం తక్కువగా ఉంటారని. చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎవరైనా వస్తారా? తలెత్తి కప్పు కూడా చూడండి, ఆ భవనం కప్పంతా కాంక్రీటు గళ్లే. పైన బ్రాయర్ గళ్లు, గోడల మీద నస్రీన్ గళ్లు. ఎవరైనా కావాలనే అలా కుదిర్చారో లేదో గానీ, మెడనొప్పి మాత్రం వచ్చింది.

---

వాదనారాయణ | ఏప్రిల్ 18

తాతగారూ, ఒక డౌటు. యాభై గీతలూ ఒకే మందంలో రావాలంటే పెన్సిలు ఎన్ని గీతలకోసారి చెక్కాలి?

---

డ్రాఫ్ట్స్‌మన్_తాత | ఏప్రిల్ 19

చెక్కకండి. చెక్కడం ఒక్కసారే, ములుకు బాగా పొడుగ్గా వదిలి. ఆ తర్వాత ప్రతి రెండు మూడు గీతలకీ ఇసుక కాగితం ముక్క మీద రుద్దాలి, గుడ్డతో మసి తుడవాలి. గీసేటప్పుడు పెన్సిలుని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ లాగండి, అప్పుడు ములుకు అన్నివైపులా సమంగా అరుగుతుంది. స్కేలుని పైకెత్తి జరపండి, కాగితం మీద ఈడ్చకండి. అరచేతి కింద తెల్లకాగితం పెట్టుకోండి. ఫోను పక్క గదిలో పెట్టండి.